సుమన చూసిన చివరి స్టేజీ

మానుకోటలో రైలు దిగి సంత దారి పట్టుకుంటే రాకేశ్ వీడియో గేముల దుకాణం తగులుతుంది. పొద్దున్నే షట్టరు ఎత్తేది, ఊడ్చేది, క్యాసెట్లను ఒక్కొక్కటే నోటితో ఊది దుమ్ము పోగొట్టేది అతని చెల్లెలు సుమన. రాకేశ్ లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండేవి. ఆ మధ్యలో దొరికిన కాసేపే ఆమె ఆట.

దుకాణంలో రెండు టీవీలు. ఒకదానికి పాత క్యాసెట్ల డబ్బా, ఇంకోదానికి రాకేశ్ హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన కొత్త సీడీల డబ్బా. ఏది గొప్పదని పోరగాళ్లు కొట్టుకునేవాళ్లు. సుమనకు రెండూ ప్రాణమే. పాత డబ్బాలో గుంతలు దుంకే ఆట ఉంది, అందులో బొమ్మమనిషి చచ్చాడంటే తప్పు నీ వేలిదే, ఎవరినీ అనడానికి లేదు, అందుకని అది ఇష్టం. కొత్త కార్ల ఆటలో దారి విడిచి ఎటైనా పోవచ్చు, అందుకని ఇది ఇష్టం. అందులో ఒక సముద్రం కూడా ఉంది. అందరూ పోలీసులను తప్పించుకుని తిరుగుతుంటే సుమన కారును ఒడ్డున ఆపి అలలు చూస్తూ కూర్చునేది. పెదవంగర దగ్గరి తండాలో పుట్టిన పిల్లకు సముద్రం ఇంకెక్కడ దొరుకుతుంది?

కొత్త ఆటలో పెట్రోలు బంకు వెనక గోడలోంచి మనిషి అవతలికి దూరిపోతాడని కనిపెట్టింది ఆమే. పాత ఆట మూడో స్టేజీలో ఎడమకు వంగి దుంకితే మబ్బు మీద ఇరుక్కుపోతాడని చెప్పిందీ ఆమే. ఆట చేసినవాళ్ల తప్పులు ఆమెకు అన్నంలో రాళ్లలా తగిలేవి.

ఇక కరెంటు. అది పోవడానికి వేళాపాళా ఉండేది కాదు. పోగానే టీవీలో బొమ్మ కుంచించుకుని నడుమ తెల్ల చుక్క అయ్యేది. ఆ చుక్క ఆరేలోపు రాకేశ్ "సుమనా!" అని కేక పెట్టేవాడు. ఆమె ప్లగ్గు ఊడబీకి, ఒక పిన్ను ఎడమచేత, ఒక పిన్ను కుడిచేత పట్టుకునేది. బొమ్మ మళ్లీ విచ్చుకునేది, ఆట ఆగినచోటి నుంచే సాగేది. చిన్నప్పుడు తండాలో తెగిన వైరు పట్టుకుంటే గుడిసెలో కరెంటు బుగ్గ వెలిగింది. తల్లి తుల్సీబాయి "మంచిగైంది, దీపానికి గ్యాసునూనె మిగిలింది" అని రొట్టెలు చేసుకోవడంలో పడింది. మానుకోటలోనూ అంతే. జెనరేటర్ కొనే ఖర్చు తప్పిందని పక్క దుకాణాలవాళ్లు రాకేశ్‌ను చూసి కుళ్లుకునేవాళ్లు, అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

కాకపోతే రెండు చేతులూ కావాలి. పంటితో పట్టి చూసింది, కాలివేళ్లతో పట్టి చూసింది, బొమ్మ రాలేదు. పాత ఆటకేమో ఎక్కడిదాకా వచ్చామో గుర్తు పెట్టుకునే తెలివి లేదు. ఒకసారి ఆరితే మళ్లీ మొదటి స్టేజీయే. సుమన కరెంటిస్తే ఆడే పోరగాళ్లకు అంత నేర్పు లేదు. నేర్పున్న సుమన ఆడుతుంటే కరెంటిచ్చేవాళ్లు లేరు. అందువల్ల ఆ ఆట చివరి స్టేజీ ఎట్లా ఉంటుందో మానుకోటలో ఒక్కరికీ తెలియదు. వైరు పట్టుకుని కూర్చుని ఆమె "దుంకు! ఇప్పుడు కాదు, ఆగు, ఇగో ఇప్పుడు!" అని చెప్తూనే ఉండేది. ఆడపిల్ల చెప్తే వింటారా? వినకుండా గుంతలో పడి, ఆమె మీదే విసుక్కునేవాళ్లు.

అట్లాంటి రోజుల్లో మహేశ్ ఫోను చేశాడు. దుకాణంలో ఆడి ఆడి పెరిగి, హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో చేరినవాడు.

"సుమనా, మా తాన ఒక్క జాగ ఖాళీ ఉన్నది. కొత్త గేములు బయటికి రాకముందు ఆడి, తప్పులు పట్టుడే పని."

"గదీ ఒక కొలువేనా?"

"కొలువే. వచ్చే సోమారం పరీక్ష. పాత గేము పెడ్తరు, ఎవలు ఆఖరుదాంక పోతె వాళ్లనే తీసుకుంటరు. నీకన్న మంచిగ ఆడెటోళ్లను నేనైతె చూడలే."

సుమన ఫోను పెట్టేసి క్యాసెట్ల ముందు చాలాసేపు కూర్చుంది. రోజంతా ఆడటం, అదీ తన చేతులతో. అట్లాంటిదొకటి కోరుకోవచ్చని కూడా ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు కోరుకుంది.

అయితే అది రెండువేల పదకొండు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకలజనుల సమ్మె నడుస్తోంది. బడులు, బస్సులు, ఆఫీసులు బందు. బొగ్గుబాయిలూ బందే, దాంతో ఉన్న కరెంటు కూడా పోయింది. సమ్మెలో ఉన్న బడిపంతులు మహేందర్ సారు ఊళ్లో ఉద్యమ కమిటీ నడిపిస్తున్నాడు. దీక్షా టెంటులో మైకుకు సుమనే దిక్కు. స్టేజీ బల్ల కింద ప్లగ్గు పట్టుకుని పొద్దంతా కూర్చునేది. ఆమె మనసారా కూర్చుంది, ఎవరూ బలవంతం చేయలేదు. తమ మాటను సినిమాల్లో నవ్వులాటకు వాడుకుంటున్నారని, తమ కొలువులు తమకు రావడం లేదని వక్తలు చెప్తుంటే ఆమె రక్తం ఉడికేది. ఒకరోజు భూపాలపల్లి నుంచి వెంకన్న అనే బాయి కార్మికుడు వచ్చాడు.

"మేం బాయిల దిగకుంటె హైదరాబాద్ల బుగ్గ ఎలగది! సూద్దాం, ఎన్నొద్దులు చీకట్ల కూసుంటరో!" అన్నాడు.

టెంటు ఊగిపోయింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి సుమన ఈల వేసింది.

ఆదివారం నాడు ఆమె మహేందర్ సారు దగ్గరికి పోయి, ఒక్క రోజు రానని చెప్పింది.

"రేపు రాస్తారోకో ఉన్నది సుమనా. మైకు లేకుంటె ఎట్ల?"

"ఒక్కదినమే సార్. మళ్ల వచ్చి కూసుంట."

"అందరు నీ లెక్కనే ఒక్కదినం ఒక్కదినం అంటె రాష్ట్రం ఎప్పుడొస్తది?"

టెంటులో ఉన్నవాళ్లంతా ఆమెను చూసి ముఖం తిప్పుకున్నారు. నిన్నటిదాకా "మా సుమన" అన్నవాళ్లే. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వచ్చింది. మిరప తోటలో కూలికి పోయి అప్పుడే వచ్చిన తుల్సీబాయి సంగతంతా విని, "నోరున్నోళ్లు మైకు లేకున్నా ఒర్రుకుంటరు తియ్. నువ్వు పో బిడ్డా" అంది. అంతటితో ఆగితే బాగుండేది. "ఆడపిల్లను ఒక్కదాన్ని ఎట్ల తోలాలె? రాకేశ్, నువ్వు ఎంబడి పోరా" అని కూడా అంది.

బస్సుల్లేవు, రైళ్లనూ ఆపేస్తున్నారు. తుఫాను జీపులో ఇరుక్కుని జనగామ దాకా పోయారు. అక్కడ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు, బండి కదలదు. దిగితే అందరితోపాటు వీళ్లకూ విస్తరాకులో అన్నం పెట్టారు. వడ్డిస్తున్న ఆమె "సమ్మెల ఎటు పోతున్నరక్కా?" అని ఆప్యాయంగానే అడిగింది.

"దవాఖానకు" అని సుమన అబద్ధం చెప్పింది. విస్తరాకు సగంలోనే మడిచి లేచింది. తర్వాత పాలవ్యాను ఎక్కి హైదరాబాదు చేరారు.

పరీక్ష గదిలో వరసగా టీవీలు, ఒక్కో టీవీ కింద ఒక్కో పాత డబ్బా. సమ్మెవల్ల సగం మంది రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆఫీసరు మంచివాడే. గుమ్మంలో నిలబడ్డ రాకేశ్‌ను చూసి "సీట్లు ఖాళీగానే ఉన్నాయి, మీరూ కూర్చోండి, పోయేదేముంది" అన్నాడు. రాకేశ్ నవ్వుతూ చెల్లెలి పక్క టీవీ ముందు కూర్చున్నాడు.

పెట్టింది గుంతల ఆటే. అది చూడగానే సుమనకు ఏడుపొచ్చినంత పనైంది. మొదటి స్టేజీ, రెండు, మూడు. మూడోదాంట్లో మబ్బు దగ్గర ఆగి, అక్కడ తప్పుందని ఆఫీసరుకు చూపించింది. ఆయన కుర్చీ లాక్కుని ఆమె వెనకే కూర్చున్నాడు. నాలుగు, ఐదు. మిగతావాళ్లు గుంతల్లో పడుతూ లేస్తూ ఉన్నారు. రాకేశ్ రెండోదాంట్లోనే తంటాలు పడుతున్నాడు. సుమన ఏడో స్టేజీలో ఆఖరి గుంత దాటింది. ఎదురుగా చివరి స్టేజీ తలుపు. బొమ్మమనిషి గడప మీద కాలు పెట్టాడు.

కరెంటు పోయింది. వరస కరెంటు కోతలతో చార్జింగు అయిపోయి ఉన్న ఇన్వర్టరు ఒకసారి మూలిగి ఊరుకుంది. టీవీలన్నీ ఒక్కసారే కుంచించుకుని చుక్కలయ్యాయి.

"సుమనా!" అని అరిచాడు రాకేశ్.

దుకాణంలో అరిచినట్టే అరిచాడు, అలవాటు. ఆమె చేతులదీ అలవాటే. అవి రిమోటు జారవిడిచి, వంగి, ప్లగ్గు ఊడబీకి పిన్నులు పట్టుకున్నాయి. పట్టుకున్నాక చూసుకుంది. అది రాకేశ్ టీవీ ప్లగ్గు. పక్కన తన టీవీలో చుక్క ఆరిపోయింది.

తనది పట్టుకున్నా లాభం ఉండేది కాదు, ఆడటానికి చేతులేవి? ఆ సంగతి తట్టింది, కానీ అది ఓదార్పు కాలేదు.

"అరే, మీరు పట్టుకోగలరా! మంచిది" అన్నాడు ఆఫీసరు. "మా వీధిలోనూ ఒకాయన ఉన్నాడు, ఫ్రిజ్ దాకా లాగుతాడు." తర్వాత గది అంతా కలయజూసి, "ఇంక కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈ ఒక్క ఆట ఎందాకా పోతుందో చూద్దాం" అని కుర్చీని రాకేశ్ వెనక్కి జరుపుకున్నాడు.

రాకేశ్ తల తిప్పకుండా, "చెప్పు, ఏం చెయ్యాలె?" అన్నాడు.

ఆమె చెప్పింది. "ఆగు. దుంకు. గిప్పుడు వంగు. ఆ గుంతకు ఉరికొచ్చి దుంకాలె." గదిలో ఎవరో "దుంకాలె" అని ఆమె గొంతుతో అని కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. రాకేశ్ పుట్టాక మొదటిసారి ఆమె మాట అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. దుకాణంలో ఒక్కనాడైనా ఇట్లా విని ఉంటే అతణ్ని ఎంత మెచ్చుకునేదో! ఇప్పుడు అతను ఎంత బాగా వింటే ఆమెకు అంత కష్టంగా ఉంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. తలుపు తెరుచుకుంది.

చివరి స్టేజీలో గుంతలు లేవు. నున్నటి నేల, నీలి ఆకాశం, నేల చివర ఒక చిన్న ఇల్లు. బొమ్మమనిషి ఊరికే నడుచుకుంటూ పోవాలి, అంతే. ఇంత సులువని ఎవరనుకున్నారు! సుమన దాన్ని నేల మీద కూర్చుని, రెండు పిడికిళ్లు బిగించి, అన్న మోకాలి పక్కనుంచి చూసింది.

ఇల్లు చేరగానే తెర నల్లబడి, అక్షరాలన్నీ వరసగా వచ్చాయి. ఆడినవాళ్లు తమ పేరు పెట్టుకోవాలట. ఆఫీసరు కాగితం, పెన్ను తీశాడు.

"మా అన్న నేను చెప్తెనే ఆడిండు సార్" అంది సుమన. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"చూశానమ్మా" అన్నాడు ఆఫీసరు మెచ్చుకోలుగా. "ఇంట్లో ఇంత సపోర్టు ఉండటం అదృష్టం."

రాకేశ్ వేలు బటను మీద ఆగింది. ఆమె వైపు తిరగబోయి తిరగలేదు. మెడ మీద చెమట కనిపించింది. తర్వాత మొదటి అక్షరం నొక్కాడు. అది అతని పేరులోదే.

పిడికిళ్లు విప్పితే అంతా పోతుంది. పేరు పోతుంది, ఇల్లు పోతుంది, ఆట మొదటికి వస్తుంది. అది ఆమెకు తెలుసు. విప్పితే ఆ కొలువు అతనికీ రాదు, తనకూ రాదు. వానికైనా రానీ అనుకుందో, మరి ఇన్నేళ్ల అలవాటు చేతులను కదలనివ్వలేదో, రెండో అక్షరం పడింది, మూడోది పడింది. అన్న మీద అంత కోపం ఆమెకు ముందెప్పుడూ రాలేదు. వచ్చిన కోపంతో పిన్నులను ఇంకా గట్టిగా పట్టుకుంది. తెర ఇంకా కాంతిగా వెలిగింది. ఆఫీసరు ఒక్కో అక్షరం చూసి కాగితం మీద రాసుకున్నాడు.

ఆఖరి అక్షరం పడ్డాక గదిలో లైట్లు వెలిగాయి. కరెంటొచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. రాకేశ్ కుర్చీ దిగి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు, ముఖం మాత్రం చూడలేదు.

"అయిపోయింది సుమనా" అన్నాడు. "ఇగ విడిచిపెట్టు."