మండపంలో హ్యాండిల్

ఎదుటివాడి పెట్టుబడితో జూదమాడేవాడికి గుండె ధైర్యం ఎక్కువ. ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ శ్యామసుందర్‌ని చూసినప్పుడల్లా గణపతిరావుకి ఈ మాటే గుర్తొచ్చేది.

గణపతిరావు అక్కడ సీనియర్ పెర్‌ఫ్యూజనిస్టు. డాక్టరు గుండెను ఆపి లోపల పని చేసినంతసేపూ ఆ గుండె బదులు ఒక యంత్రం ఒళ్లంతా రక్తాన్ని తిప్పుతుంది. ఆ యంత్రం దగ్గర కూర్చునేది ఇతను. పద్నాలుగేళ్లుగా అతని లెక్క ఒక్కటే: మనిషి ప్రాణం గంటో రెండు గంటలో తన దగ్గర కుదువ ఉంటుంది. తీసుకున్నది తీసుకున్నట్టు అప్పజెప్పాలి. తరుగు చెల్లదు.

ఆ యంత్రానికో ఇనప హ్యాండిల్ ఉంటుంది. కరెంటు పోతే దాన్ని తగిలించి చేత్తో తిప్పాలి. తొంభై ఆరు సెప్టెంబరు పద్దెనిమిదో తారీకు పొద్దున్న తొమ్మిదింటికి, ఆపరేషను మొదలుపెట్టే వేళకి చూస్తే అది కొక్కేనికి లేదు.

ముందురోజు విశ్వకర్మ పూజ. ఉక్కు ప్లాంటు ఊరు భిలాయిలో ఆ రోజు పనిముట్టు ముట్టేవాడుండడు, అన్నీ దేవుడి ముందే. ఆసుపత్రి వరండాలోనూ మండపం వేశారు. గణపతిరావుకి ఆ రోజు సెలవు.

"నా హ్యాండిలేదీ?" మిస్త్రీ యజ్ఞనారాయణని అడిగాడు.

"దేవుడి కాడుంది భయ్యా. సాబే స్వయంగా తీసుకెళ్లి పెట్టినారు. మెరుస్తాది కదా, ఫొటోలో బాగుంటాదని."

"తీసుకురా."

యజ్ఞనారాయణ చెంపలేసుకున్నాడు. "విసర్జన్ అవ్వకుండా ఎత్తుతారేటి! నా రెంచీలు, పానాలు కూడా అక్కడే ఉన్నాయి. మండపం జాలీ తలుపుకి తాళమేసి చాబీ సాబ్ జేబులో ఎట్టుకున్నారు."

గణపతిరావు తిన్నగా శ్యామసుందర్ గదికి వెళ్లాడు.

"సాయంత్రం ఆరతికి ప్లాంటు పెద్దాఫీసరు వస్తున్నారు. అలంకారం కదపడానికి వీల్లేదు," అన్నాడు శ్యామసుందర్. "అయినా ఇది భిలాయి. ఇక్కడ కరెంటు పోవడం ఎప్పుడైనా చూశావా? పోయినా జనరేటర్ ఉంది."

"జనరేటర్ అందుకోడానికి నిమిషంన్నర పడుతుంది సార్, అదీ దానికి బుద్ధి పుడితే. యంత్రంలో బ్యాటరీ చచ్చి ఏడాదైంది. రెండుసార్లు రాసిచ్చాను."

"మరి ఏడాదీ ఎలా నడిపావు?"

"హ్యాండిల్ ఉంది గనక."

శ్యామసుందర్ నవ్వాడు. గణపతిరావుకి ఆ నవ్వుకే ఒళ్లు కాలింది.

"మీ కారులో స్టెప్నీ వాడి ఎన్నాళ్లయింది సార్?"

"రెండేళ్లయుంటుంది. ఎందుకు?"

"దాన్ని కూడా పెట్టించండి దేవుడి ముందు. నల్లగా నిగనిగలాడుతుంది."

నోరు జారితే నష్టమని తెలుసు. అయినా జారింది. కానీ అసలు బరువు వేరే ఉంది. సర్జను నాగపూర్ నుంచి నెలకోసారి వస్తాడు, సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. పన్నెండు లోపల మొదలుపెట్టకపోతే ఆపరేషను వచ్చే నెలకే. వార్డులో ఉన్న తులసమ్మ గుండెలో కవాటం పాడైంది. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకుతోంది. నెల ఆగగలదని ఎవరూ పూచీ ఇవ్వరు. హ్యాండిల్ లేకుండా కూర్చుంటే, ఏమీ జరగకుండా గట్టెక్కే అవకాశమే ఎక్కువ. ఆ సంగతి గణపతిరావుకీ తెలుసు. తెలిసే యంత్రం ముందు అరగంట నిలబడ్డాడు. గట్టెక్కితే పేరు ఆసుపత్రిది, మునిగితే పోయేది తులసమ్మ. ఇంకొకరి ప్రాణం పెట్టి ఈ బేరం ఆడే హక్కు తనకెవడిచ్చాడు?

"నేను కూర్చోను," అని శ్యామసుందర్‌కి చెప్పేశాడు.

పదకొండున్నరకి శ్యామసుందర్ తులసమ్మ భర్త బంగార్రాజుని వెంటబెట్టుకొచ్చాడు. చరోదా రైల్వే యార్డులో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. "ఇదిగో, మీవిడ ఆపరేషను ఆపింది ఈయనే. మీరే అడగండి."

"ఏటి బాబూ, మా ఆడది రాత్రి కాణ్ణించి మంచినీళ్లు ముట్నేదు. నీకేటి అడ్డం?"

గణపతిరావు హ్యాండిల్ సంగతి చెప్పాడు. ముసలాయన కళ్లు చిట్లించి విన్నాడు.

"అంటే, చేతి బ్రేకు నాంటిదా?"

"అలాంటిదే బాబాయ్. అవసరం రాదు. వచ్చిననాడు అదొక్కటే."

"దాన్ని ఎత్తుకెళ్లి బొమ్మకాడ ఎట్టీసినారా?" బంగార్రాజు శ్యామసుందర్ వైపు తిరిగాడు. "ముప్పయ్యేళ్లు సర్వీసు చేసినాను. బ్రేకు నేకుండా బండికి పచ్చజెండా ఊపమన్నోడు ఒక్కడు నేడు. తవరు మా తులసమ్మనెక్కించి ఊపమంతన్నారు!"

"అది పూజలో పెట్టింది పెద్దాయనా, అపచారం..."

"ఇశ్వకర్మ కూడా పనోడే గదేటి. పనోడు పనిముట్టు అట్టుకెళ్తే ఆ బాబుకి కోపమొస్తాదా? తాళం తీత్తారా, నాను ఇరగ్గొట్టనా?"

వార్డు జనం గుమ్మం దగ్గర మూగారు. చాబీ జేబులోంచి బయటికొచ్చింది.

సింధూరం, ఎర్రదారంతో వచ్చిన హ్యాండిల్‌ని గణపతిరావు కడిగి, తుడిచి, తగిలించి రెండు చుట్లు తిప్పి చూశాడు. పన్నెండుకి పది నిమిషాలుండగా తులసమ్మను లోపలికి తీసుకెళ్లారు. యంత్రం డెబ్బై నిమిషాలు నడిచింది. దీపం కూడా రెప్ప వేయలేదు. ఆగిన గుండె మళ్లీ అందుకుంది. సర్జను తన రైలు తను అందుకున్నాడు.

మర్నాడు గణపతిరావుకి మెమో వచ్చింది. 'అనవసరంగా ఆపరేషను రెండు గంటల యాభై నిమిషాలు ఆలస్యం చేశారు. విద్యుత్ అంతరాయం కలగలేదని గమనించి సంజాయిషీ ఇవ్వగలరు.'

కాగితం పట్టుకుని ఐసీయూ వైపు నడిచాడు. "కరెంటు పోనందుకు నేను సంజాయిషీ ఇవ్వాలా!"

ఐసీయూ బయట బెంచీ మీదున్న బంగార్రాజు కాగితం అందుకుని చదివాడు. "దీనికేటి బాబూ. మా గార్డు పుస్తకంలో బండి ఆగితే కారణం రాయడానికో గడి ఉంటాది. ఉన్నది ఉన్నట్టు రాసీ."

గణపతిరావు మెమో కిందే రాశాడు: 'ఆలస్యం నిజం. కారణం: మండపం తాళం.' బంగార్రాజు పెన్ను లాక్కుని సాక్షి సంతకం పెట్టి, అలవాటు కొద్దీ పక్కన టైము కూడా వేశాడు.

గణపతిరావు దానికి బ్యాటరీ కోసం మూడో అర్జీ గుచ్చి, శ్యామసుందర్ బల్ల మీద పెట్టి వచ్చాడు.