బిందె నీళ్లకు తగ్గిన వెలుగు

పొద్దున్నే కూలీల తాగునీటి బిందె నింపడం ఈ ఇంట్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం. "కొత్తకోడలి చేతి నీళ్లు చల్లగా ఉంటాయి" అంటూ అత్తయ్యగారు ప్లాస్టిక్ మగ్గు చేతిలో పెట్టారు. పెళ్లయి నలభై రోజులు. కడియంలో మా అత్తవారిది మొక్కల నర్సరీ. డ్రమ్ములో ముంచి బిందెలో పోయడం కూడా నాకు ఆటలాగే ఉండేది. గాజుల చప్పుడు వినడానికి కావాలని ఇంకో మగ్గు పోసేదాన్ని.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు మాత్రం మిగిలిపోయింది. మొక్కలకు కొట్టే తెగుళ్ల మందు నీళ్లలో ఉందో లేదో వెలుగుతో కనిపెట్టడం నా పని. రెండు రసాయనాలు కలిపితే నీలం వెలుగు వస్తుంది. నీళ్లలో ఆ మందు ఉంటే వెలుగు తగ్గుతుంది. అది చూడాలంటే చీకటి కావాలి. అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ మా ఆయన మణిశంకరూ గది గడియ పెట్టుకుని, బీరువాలో తలలు దూర్చి, పైన నా పెళ్లి చీర కప్పుకున్నాం. డిస్టిల్డ్ వాటర్ ఉన్న సీసా వెలిగింది. ఆ నీలంలో ఆయన ముక్కు కొస ఎంత ముద్దొచ్చిందో.

"మిణుగురుల్ని పట్టావేంటి సుధా" అన్నారు గుసగుసగా.

బయటినుంచి అత్తయ్యగారు, పట్టపగలు గడియేంటమ్మా అన్నారు. చీర కింద నవ్వాపుకోలేక చచ్చాం.

మొక్కల మీది మందు కొట్టుకొచ్చే మా కాలువ నీళ్లకు వెలుగు తగ్గింది. అది అనుకున్నదే. పోల్చడానికి మంచినీళ్లు కావాలి కదా అని బిందెలోంచి తెచ్చాను. దానికీ తగ్గింది. సీసా సరిగా కడగలేదనుకుని మళ్లీ చేశాను, మూడోసారీ చేశాను. డ్రమ్ము నింపే బోరు పైపు కింద నేరుగా పట్టిన నీళ్లు మాత్రం నిండుగా వెలిగాయి. పైపుకీ బిందెకీ మధ్య ఉన్నవి డ్రమ్మూ, మగ్గూ.

పరిగెత్తి, షెడ్డులో ఉన్న కూలీ చిట్టెమ్మను మగ్గు సంగతి అడిగాను.

"మందు కొలిచేదీ ఆ మగ్గేనండి చిన్నమ్మగారూ. కడిగే పెడతాం కదండీ" అంది.

పదేళ్లుగా ఆ బిందె నీళ్లే తాగుతోందామె. నలభై రోజులుగా పోసింది నేను. అయినా, నిజం చెప్పాలంటే, గుండె దడదడలాడింది భయంతో కాదు. నేను కనిపెట్టాను! బిందె ఒంపేసి, డ్రమ్ము తోమేసి, నా సారెలో వచ్చిన ఇత్తడి చెంబుతో మళ్లీ నింపాను.

"కోడల్ని తెచ్చుకున్నామా, ఇనస్పెక్టర్నా" అన్నారు అత్తయ్యగారు. నర్సరీ పేరు బయటికొస్తే మొక్కలెవరు కొంటారని మావయ్యగారు భోజనం మధ్యలో లేచిపోయారు. మరునాడు సీసాలు కాలేజీకి తీసుకెళ్లి వెలుగు కొలిచే మీటరులో కొలిపించాలి. సీసాలకు అంటించే చీటీల మీద నేను గడులు గీస్తుంటే మా ఆయన పక్కన కూర్చున్నారు.

"ఒక నర్సరీ అని రాయి సుధా. మన పేరెందుకు?"

వెలుగు చూసి మిణుగురులని మురిసిన మనిషే. కోపం రాలేదు. ఆయన కూడా నేర్చుకుంటారనిపించింది. చోటు దగ్గర మా నర్సరీ పేరు రాశాను. 'నీళ్లు నింపినవారు' అన్న గడి దగ్గర కలం ఆగింది. ఈ ఇంట్లో నేను చేసిన ఏ పని మీదా ఇంతవరకు నా పేరు లేదు.

శ్రీసుధ అని గుండ్రంగా రాశాను.