తోక రెక్కల కారు

గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ డ్రాయింగ్ పాఠాలు చెప్పుకునే నాకు పాత కార్ల గురించి తెలియనిది లేదని మా చుట్టుపక్కల పేరుంది. ఆ పేరు ప్రచారం చేసింది నేనే. నా సొంత వాహనం మాత్రం స్కూటరు.

అందుకే బంటుమిల్లి రొయ్యల రైతు భుజంగరావు గారు చెన్నైలో ఎవరి దగ్గరో పందొమ్మిది వందల యాభై ఆరు నాటి అమెరికన్ కారు కొని లారీ మీద తెప్పించుకోగానే మొదట నాకే ఫోన్ చేశారు.

"మాస్టారూ, ఆదివారం గుడివాడలో మా మేనల్లుడి పెళ్లండీ. వాణ్ని విడిదింటి నుంచి మండపానికి ఈ కార్లోనే తీసుకెళ్లాలి. మీరు పక్కనుంటే నాకు ధైర్యం."

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. లేత నీలం రంగు. పద్దెనిమిది అడుగులు దాటిన పొడవు. ముందు బంపరుకు ఫిరంగి గుండ్లలాంటి రెండు మెరిసే ముద్దలు, తెల్ల అంచు టైర్లు, సోఫాలాంటి ముందు సీటు, ఎడమవైపు స్టీరింగు, దాని కాడకే గేరు. వెనక రెండు పక్కలా చేప రెక్కల్లా లేచిన తోకలు, వాటి కొసన ఎర్ర దీపాలు. మీట నొక్కితే గుడ్డ టాపు దానంతటదే మడుచుకుని వెనక్కి వెళ్లి పడుకుంది.

భుజంగరావు గారు నడుపుతుంటే పక్కన కూర్చుని, వెనక సీట్లో ఉన్న ఆయన భార్య దుర్గాంబ గారికి దారి పొడవునా పాఠం చెప్పాను.

"ఆ రెక్కలు యుద్ధ విమానాల్ని చూసి పెట్టారండీ. వాటితో పనేమీ లేదు. అందం కోసమే."

"అలాగా" అని ఆవిడ గొడుగు సర్దుకున్నారు.

గుడివాడ దగ్గర పడేసరికి పెట్రోలు ముల్లు అడుక్కి దిగింది. బంకులో ఆపాం. పెట్రోలు పోసే కృపాకుమారి గొట్టం పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"మూత ఎక్కడండీ?"

భుజంగరావు గారు నా వంక చూశారు.

"నంబరు ప్లేటు వెనక ఉంటుంది" అన్నాను. స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని ప్లేటు ఊడదీశాను. దాని వెనక రేకు ఉంది. డిక్కీ తెరిచాను. బానెట్ ఎత్తాను. చివరికి కారు కిందికి దూరాను. పెళ్లికని వేసుకున్న పెడన కలంకారీ చొక్కా మీద కొత్త డిజైను పడింది. కారు అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. చుట్టూ చేరిన జనంలో ఒకాయన, "ఇది పెట్రోలు లేకుండానే నడుస్తుందేమో" అన్నాడు. అప్పటికి నాకూ ఆ అనుమానం వచ్చింది.

ఈలోపు పెళ్లికొడుకే ఫోన్ చేశాడు. ముహూర్తం దగ్గర పడిందని ఆటో ఎక్కి మండపానికి వెళ్లిపోయాడట. భుజంగరావు గారు వాచీ చూసుకుని వెళ్లి ముందు సీట్లో కూర్చున్నారు. నన్ను తిట్టినా బాగుండేది.

"సార్, ఒకటి చెప్పనా?" అంది కృపాకుమారి. "ఈ ఎడమ దీపం కింద గుండ్రటి బిళ్ల చూడండి. కుడివైపుది మెరుస్తోంది, ఇది అరిగిపోయింది. ఎవరో చాలా ఏళ్లు దీన్ని నొక్కినట్టున్నారు."

బొటనవేలితో నొక్కింది. దీపం మొత్తం పైకి లేచింది. దాని కింద మూత.

"రెక్కలతో పనేమీ లేదన్నారు కదండీ" అన్నారు దుర్గాంబ గారు, చాలా మర్యాదగా.

"అదేనండీ ఇందులో ప్రత్యేకత" అన్నాను.

ట్యాంకు నిండాక కృపాకుమారి ఫోటో కావాలని ఫోన్ నా వైపు చాపింది. నేను జుట్టు సర్దుకుని కారు పక్కన నిలబడ్డాను.

"మీరు కాదండీ. మీరు తీయండి."

దుర్గాంబ గారు జరిగి, ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. తీశాను. కృపాకుమారి ఫోటో పరీక్షగా చూసుకుంది. అందులో కారు తోక రెక్కలు తెగిపోయాయి.

"పర్లేదండీ, మేం బాగానే వచ్చాం" అంది.

అక్కణ్నుంచి మండపం దాకా నేను చొక్కా మీది మరక తుడుచుకుంటూనే ఉన్నాను.