మేకలు ఉమ్మిన రేగు గింజలు

మా తమ్ముడు వెంకటముని కొండకు నిప్పు పెట్టాడు. దాచి చెప్పడం నాకు చేతకాదు. ఎండిన గడ్డిని కాలిస్తే తొలి చినుకులకు లేత గడ్డి వస్తుందని మా వడమాలపేట వైపు మేకలవాళ్లలో కొందరికి అలవాటు. ఈసారి గాలి తిరిగింది. రెండు రోజులు కొండ మండింది. వాడు వేపమండలతో ఆర్పబోయి చేతులు కాల్చుకున్నాడు. తర్వాత తనే ఫారెస్టు ఆఫీసుకు పోయి ఒప్పుకున్నాడు.

అయినా నా కోపం ఆగలేదు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. ఆ కొండమీద రేగుపళ్లు ఏరి వాడి నోట్లో పెట్టి పెంచాను. ఎలుగుబంటికి దాని వాటా చెట్టుకే వదిలి, పొద్దు వాలకముందే దిగొచ్చేవాళ్లం. అలాంటి కొండను బూడిద చేస్తాడా! పాలకేంద్రం దగ్గర అందరి ముందూ అనేశాను.

"నీ చేత్తో ఏం నాటినా మొలవదురా!"

వాడు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

మే నెలలో ఫారెస్టు లోహిత మేడమ్ మా ఆడవాళ్లకు పని ఇచ్చింది. మట్టి, పేడ కలిపి, మధ్యలో విత్తనం పెట్టి ఉండలు చుట్టాలి. వానల ముందు కాలిన నేలంతా చల్లాలి. ముందు ప్రతి రకం గింజా కుండీలో వేసి చూశాం. నేరేడు, ఉసిరి, రేల, అన్నీ మొలిచాయి. రేగు మాత్రం ఒక్కటీ మొలవలేదు.

"రేగు లేకపోతే ఎలుగులు మళ్లీ ఈ పక్కకు రావు, అక్కమ్మా" అంది మేడమ్ దిగులుగా. ఆ మాట ఊరంతా తిరిగింది.

నాలుగు రోజులకు పొద్దున్నే తలుపు తీస్తే గడప ముందు ఒక గోతం. విప్పితే మేకపెంటికలు, దుమ్ము, ఒకటే కంపు.

"మీ తమ్ముడు పెట్టిపోయినాడక్కా. పిలుస్తానంటే వద్దనినాడు" అంది పక్కింటి చెంగమ్మ.

ఎరువిచ్చి నా నోరు మూయిద్దామనుకున్నాడా? ఒళ్లు మండిపోయింది. ఈడ్చుకుపోయి పెరట్లో ఒక మూల కుమ్మరించాను. గోతం మాత్రం దులిపి దాచుకున్నాను.

వానలు పడ్డాయి. ఉండలు చల్లి వచ్చాం. నెల తిరిగాక గుమ్మడిపాదు చూద్దామని పెరట్లోకి పోతే, ఆ మూలంతా పచ్చగా మొలకలు. వంగి చూశాను. రేగు! ఒకటా రెండా, వందలు. అక్కడే కూలబడ్డాను.

చెప్పులు కూడా వేసుకోకుండా వాడి మేకలదొడ్డికి పరుగెత్తాను.

"ఏమి పెట్టినావురా ఆ గోతంలో?"

"రేగు గింజలక్కా. మేకలు పండు మింగి, నెమరేసేటప్పుడు గింజ ఉమ్మేస్తాయి గదా. అట్లా కడుపులో నాని వచ్చినవి బాగా మొలుస్తాయి. దొడ్లో ఉండేవంతా ఊడ్సినా."

"నోరు తెరిచి చెప్పకూడదా?"

"నా చేతివంటే నువ్వు నాటవని చెప్పలేదు" అన్నాడు తల వంచుకుని. "పారబోసినావంట గదా. చెంగమ్మ చెప్పింది."

"పారబోసినా మొలిచినాయిరా!"

వాడు నమ్మలేదు. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. మొలకల ముందు గొంతుక్కూర్చుని, నిప్పుకు కాలి ముడతలు పడ్డ చేతివేలితో ఒక ఆకును తాకి చూశాడు.

ఆ మొలకలను లోహిత మేడమ్ ఇచ్చిన మట్టి కవర్లలో పెంచాం. జానెడు ఎదిగాక కొండకు బయలుదేరితే వాడు తట్ట నా నెత్తిన పెట్టి ఆగిపోయాడు.

"నువ్వు పో అక్కా. నా చేత్తో వద్దు. నువ్వే అంటివి గదా."

తట్ట దించి వాడి రెండు చేతులూ నా కళ్లకు అద్దుకున్నాను.

"నా నోరు మంచిది కాదురా నాయనా. ఈ చేతులే గదా ఆ గింజలు ఊడ్చింది. రా, తొలి మొక్క నువ్వే పెట్టాల."

వాడు చిన్నప్పటిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

కొండమీద మసిపట్టిన బండల మధ్య వాడు గుంత తీసి తొలి మొక్క నాటాడు. మట్టి అదిమేటప్పుడు నా చెయ్యి వాడి చేతిమీద పెట్టాను. సాయంత్రానికి మోసుకొచ్చిన నాలుగు తట్టల మొక్కలూ అయిపోయాయి.

దిగేటప్పుడు వాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఎలుగు వాటా ఎంతక్కా ఇందులో?"

"అంతా దానిదేరా" అన్నాను.