తెల్లదుప్పట్లలో ఎర్రజెండా

ఉతికే మిషను తలుపు తీయగానే నలభై తెల్లదుప్పట్లు నెత్తుట్లో ముంచి తీసినట్టు ఎర్రగా జారి ఆవిరక్క కాళ్ల మీద పడ్డాయి.

పక్కనున్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఆవిరక్క మాత్రం కిక్కురుమనలేదు. ఆ హోటలు లాండ్రీలో పదహారేళ్లుగా ఇస్త్రీ ప్రెస్సు ముందు ఆవిరిలో ఉడికిన మనిషి ఆమె. ఆ పేరు అలా వచ్చిందే. ఏది నెత్తురో ఏది రంగో వేళ్లతో తడిమి చెప్పగలదు. ఇది రంగు. ఎవరో తెల్లబట్టల్లో ఎర్రగుడ్డ పడేశారు.

"ఎవతే ఈ లోడు వేసింది? కళ్లు నెత్తికెక్కాయా?"

"నేనే అక్కా. నిన్న పూల్ దగ్గర్నుంచి వచ్చిన ట్రాలీ అది. నిండా తెల్లవే కదా అని మూట మూటగా తోసేశాను," అంది చిట్టి. మూడో అంతస్తు గదులు ఊడ్చే మనిషి, చేతులు ఖాళీ దొరికితే ఇక్కడికొచ్చి సాయం పడుతుంది.

ఆవిరక్క మిషనులోకి భుజం దాకా చెయ్యి పెట్టి లాగింది. జెండా వచ్చింది. దాని మూలకు రెండు జానల తాడు వేలాడుతోంది. తాడు కొస తెగిపోయినట్టు లేదు. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. జెండా అంచు తిప్పి చూసింది. ఎర్రగుడ్డకు తెల్లదారం కుట్టు.

ఆ కుట్టు ఆమెదే.

కిందటి వారమే కుట్టింది. పాత జెండా వెలిసిపోయి గులాబీరంగుకు తిరిగితే, కొత్తది ఇమ్మని ఆమె తమ్ముడు మేనేజరును మూడుసార్లు అడిగాడు. చివరికి తనే చవక గుడ్డ ఒకటి తెచ్చి అక్క ఒళ్లో వేశాడు. ఎర్రదారం దొరక్క తెల్లదారంతోనే కానిచ్చింది. "రంగు దిగే గుడ్డరా ఇది, వానకు తడిస్తే నీ చొక్కా ఖరాబవుతుంది," అంటే, "నా చొక్కా పోతే పోనీలే అక్కా, జనం పోకపోతే చాలు," అన్నాడు.

హోటలు తీరంలో మునిగేవాళ్లను ఒడ్డుకు చేర్చడం తమ్ముడి పని. సముద్రం మంచిగా ఉంటే పచ్చజెండా, లోపలికి లాగుతుంటే ఎర్రజెండా ఎగరేస్తాడు. ఎప్పుడూ మెడలో ఈల ఉంటుంది కాబట్టి అందరికీ ఈలయ్య. నిన్న సాయంత్రం ఆ ఈలయ్య రాళ్ల మధ్య శవమై తేలాడు. ఇప్పుడు చేపల ఫ్రీజరు గదిలో, లాండ్రీ గోడకు అవతల ఉన్నాడు. అందుకే ఆవిరక్క ఇవాళ డ్యూటీకి వచ్చింది. తమ్ముడు గోడ పక్కన పడుంటే ఇంటికి పోయి ఏం చేస్తుంది?

మేనేజరు పొద్దున్నే కాగితం పట్టుకొచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "మీవాడు తాగి నీళ్లలో దిగాడమ్మా. నిన్న రోజంతా పచ్చజెండాయే ఉంది, సముద్రం చెరువులా ఉంది. మధ్యాహ్నంలోగా దీనిమీద సంతకం చేసి తీసుకెళ్లు. లేకపోతే అనాథ శవమని రాసి పంపించేస్తారు. మనమంతా ఒకే కుటుంబం, నీ బాధ నాకు తెలుసు."

ఆమె దాదాపు సంతకం చేసేసింది. పెన్నులో సిరా పడక ఆగిపోయింది.

"రోజంతా పచ్చజెండా ఉంటే," అంది ఆవిరక్క ఇప్పుడు మిషను చుట్టూ ఉన్న ఆడవాళ్లతో, "తాడుతో సహా కోసిన ఈ ఎర్రజెండా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

తాడు కొసను వాళ్ల కళ్ల ముందు పట్టింది.

"ఇంకోటి చెప్పండే. మనలో ఎవరైనా ఎర్రగుడ్డని తెల్లబట్టల్లో వేస్తారా? తోటమాలి వేస్తాడా? వంటవాడు వేస్తాడా?"

"పెళ్లాం చేత తన్నులు తినాలనుకున్నవాడు వేస్తాడు," అంది ఒకామె.

"జన్మలో ఒక్క బట్ట ఉతకనివాడు వేస్తాడు," అంది ఆవిరక్క.

*

పది నిమిషాల్లో కబురు హోటలంతా పాకింది. స్టాఫ్ భోజనాల గది నేలమాళిగలో ఉంటుంది. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, ఊడ్చేవాళ్లు, పడవవాళ్లు అందులో కిక్కిరిశారు. పైన అతిథులకు అన్నీ ఉచితం. మణికట్టుకు రంగు పట్టీ ఉంటే చాలు, తాగినంత తాగొచ్చు, తిన్నంత తినొచ్చు, పారేసినంత పారేయొచ్చు. కింద వీళ్లకు మాత్రం మంచినీళ్ల కుళాయి కూడా ఒక్కటే.

"పోలీసులకు చెబుదాం," అన్నాడు టైబాబు. వడ్డించేవాళ్లకు పెద్ద. ఇంట్లో కూడా టై విప్పడని ఆ పేరు. "జెండా సాక్ష్యం. ఆవేశపడి పాడుచేసుకోవద్దు."

"పోలీసులు నిన్న వచ్చారు కదయ్యా," అన్నాడు పెద్ద వంటాయన. "నా చేత మూడు రకాల చేపలు వండించుకుని తిన్నారు. శవం ఎక్కడుందని ఒక్కడూ అడగలేదు. ఉప్పు తక్కువైందని మాత్రం అన్నారు."

"అయితే ఏం చేద్దామంటావు? గరిటెలతో యుద్ధమా?"

"నీ టైతో ఉరేసుకోవడం కంటే అది నయం."

నవ్వులు లేచి అంతలోనే చచ్చాయి. ఆవిరక్క జెండాను బల్లమీద పరిచింది.

"నా తమ్ముడు తాగడని మీకందరికీ తెలుసు. మైలు పొడవు తీరానికి వాడొక్కడే. అందుకే నెలనెలా మనందరినీ ఇసుకలో నిలబెట్టి మునిగేవాళ్లను లాగే మనుషుల గొలుసు నేర్పాడు. వేళ్లు పట్టుకోకండి జారిపోతాయి, మణికట్టు పట్టుకోండి అని మన చేతులు వాచేలా నేర్పాడు. ఇవాళ వాడికోసం ఆ గొలుసు కట్టలేకపోతే, రేపు మీలో ఎవడు చచ్చినా తాగి చచ్చాడనే రాస్తారు. నేను సంతకం పెట్టను. మీరు నాతో ఉంటారా, పనికి పోతారా?"

టైబాబు చాలాసేపు జెండా కుట్టు వైపు చూశాడు. తర్వాత మెడలోని టై విప్పి జేబులో కుక్కుకున్నాడు.

"పైనున్నవాళ్లకు తెలియాలి ముందు," అంది చిట్టి. "ఎర్రజెండా అంటే ఏంటో అతిథులకు తెలుసు. గదికో జెండా కడదాం. నాలుగువందల బాల్కనీలున్నాయి."

"నలభై దుప్పట్లే కదే ఎర్రబడింది?"

వంటాయన లేచాడు. "కేకుల్లో కలిపే ఎర్రరంగు డబ్బాలు రెండు అలమార్ల నిండా ఉన్నాయి. మిషన్లు తిప్పండి."

*

మూడో లోడు తిరుగుతుండగా గార్డుల పెద్ద వచ్చాడు. వెనక ముగ్గురు, చేతుల్లో లాఠీలు. అతను వచ్చింది జెండా కోసమే. ఎర్రనీళ్లు కాలువలోకి పోతున్నాయని ఎవరో ఆఫీసుకు ఫోను చేశారు.

"ఎక్కడే?"

"ఏంటి?" అంది ఆవిరక్క.

లాఠీ ఆమె దవడ మీద పడింది. నోట్లో ఉప్పగా తగిలింది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలింది. అతను జుట్టు పట్టి లేపి, ఆమె ఎడమచేతిని ఇస్త్రీ ప్రెస్సు బల్లమీద ఆనించి, పైరేకు పిడి మీద తన చెయ్యి వేశాడు.

"మూడు అంకెలు లెక్కపెడతా."

"నాకు పదహారేళ్లుగా ఆవిరే తిండి. నువ్వు లెక్కపెట్టకపోయినా ఫరవాలేదు."

అతను లెక్కపెట్టలేదు. రేకు దించాడు. చర్మం చుయ్యిమన్న శబ్దం మిషన్ల హోరులో కూడా అందరికీ వినపడింది. ఆవిరక్క గొంతులోంచి మనిషి అరుపులాంటిది రాలేదు. ఈల లాంటిదేదో వచ్చింది.

ఆ మీదట ఏం జరిగిందో గార్డుల పెద్దకు అర్థమయ్యే వ్యవధి లేకపోయింది. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టి మెలితిప్పితే అది గుడ్డ కాదు, దూలం. అలాంటివి పదకొండు ఒక్కసారి లేచాయి. మొదటిది అతని మెడ మీద, రెండోది మోకాలి చిప్ప మీద పడ్డాయి. చిప్ప పగిలింది. ఒక గార్డు తలుపు వైపు పరిగెత్తి సబ్బునురగ మీద జారి తల గోడకు కొట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ లాఠీలు పడేసి చేతులెత్తారు. ఆడవాళ్లు గార్డుల పెద్దను దుప్పట్లో వేసి, నాలుగు మూలలూ కలిపి, రోజుకు మూడొందల మూటలు కట్టే చేతులతో ఒక్క ముడి వేసి ట్రాలీలో పడేశారు. మూటలోంచి బూతులు వచ్చాయి, తర్వాత మూలుగులు.

చిట్టి తన కొంగు చింపి, తడిపి ఆవిరక్క చేతికి చుట్టింది. ఏడుస్తూ చుట్టింది.

"ఏడవకే. ముడి వదులవుతుంది," అంది ఆవిరక్క.

పదకొండు గంటలకు అతిథులు తెరలు తీసేసరికి హోటలు ఎర్రగా ఉంది. ప్రతి బాల్కనీ నుంచీ తడి దుప్పటి వేలాడుతూ గోడల వెంట ఎర్రచుక్కలు కారుస్తోంది. పూల్ దగ్గర గ్లాసులు నింపేవాళ్లు లేరు. బల్లలు తుడిచేవాళ్లు లేరు. వంటశాలలో పొయ్యి వెలగలేదు. స్టాఫంతా పచ్చిక మీదుగా ఒకే వరసలో సముద్రం వైపు నడుస్తున్నారు, ముందు ఆవిరక్క, ఆమె పక్కన ట్రాలీ.

పచ్చిక అంచున, పూల్ పక్కన, మిగిలిన గార్డులు అడ్డుపడ్డారు. ఆవిరక్కను దాటి ముందుకొచ్చి వాళ్లకు దొరికినవాడు తోటతాత. ఇరవయ్యేళ్లుగా ఆ పచ్చిక పెంచిన ముసలాయన.

"తప్పుకో ముసలోడా."

"గడ్డి మీద బూట్లతో నిలబడింది నువ్వు నాయనా, నేను కాదు."

ఇనపపైపు ఆయన తలమీద దిగింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఏదో మరిచిపోయినవాడిలా చుట్టూ చూసి, పూల్‌లో పడిపోయాడు. నీలంనీళ్లలో ఎరుపు మెల్లగా విప్పుకుంది. ఈసారి అది రంగు కాదు.

టైబాబు షూస్‌తో సహా దూకి పైకి లాగాడు. అప్పటికే ప్రాణం పోయింది. ఆ క్షణంలోనే గార్డులు పెద్ద తప్పు చేశామని గ్రహించారు. రెండువందలమంది వాళ్ల మీదుగా నడిచిపోయారు. పైపులు చేతులు మారాయి. ఎముకలు విరిగిన చప్పుడు బాల్కనీల దాకా వినపడింది. పైనుంచి అతిథులు ఫోన్లలో తీస్తూనే ఉన్నారు.

*

ఇదంతా ఆఫీసు కిటికీలోంచి చూసిన మేనేజరు పెరటి మెట్లమీదుగా తీరానికి పరిగెత్తాడు. కాపాడే పడవ ఉంది కదా, ఎక్కి పోదామనుకున్నాడు. పడవ ఉంది. తెడ్లు లేవు. పడవవాళ్లు ముందే తీసేశారు.

వెనక్కి తిరిగేసరికి గొలుసు వచ్చేసింది. మణికట్టు పట్టుకున్న మణికట్టు, రెండువందలమంది, అర్ధచంద్రాకారంలో. ఆవిరక్క కాలిన చెయ్యి పట్టుకునే వీలు లేదు కాబట్టి చిట్టి ఆమె మోచేతిని పట్టుకుంది. జెండా లేని కర్ర గాలికి ఊగుతోంది. సముద్రం గోడలు గోడలుగా లేచి పడుతోంది.

"చూడండి, మనమంతా ఒకే కుటుంబం," అన్నాడు మేనేజరు. "కూర్చుని మాట్లాడుకుందాం."

టైబాబు ట్రాలీలోని మూట ముడి లాగాడు. గార్డుల పెద్ద ఇసుకలోకి దొర్లాడు.

"నేను తెడ్డుతో కొట్టాను," అన్నాడు అతను, ఎవరూ అడక్కముందే. "ఒక్క దెబ్బే. మిగతాది ఆయన్నడగండి."

"వాడు అబద్ధం చెబుతున్నాడు. మీ తమ్ముడు తాగి దిగాడమ్మా. సముద్రం ప్రశాంతంగా ఉంది నిన్న. ఇవాళ్టిలాగే."

"ఇవాళ్టిలాగేనా?" అంది ఆవిరక్క. "అయితే దిగు."

గొలుసు ఒక అడుగు ముందుకేసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరూ అతన్ని ముట్టుకోలేదు. ఇంకో అడుగు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. ఇంకో అడుగు. నడుముకు వచ్చాయి. కాళ్లకింద ఇసుక కదిలి అతను ఒరిగాడు. ఒక అల తలమీదుగా వెళ్లింది. పైకి లేచేసరికి కళ్లద్దాలు లేవు. గేటు దగ్గర పోలీసు వ్యాన్ల కూత వినపడి అతని మొహంలో ఆశ కదిలింది.

"వాళ్లు ఇక్కడికొచ్చేదాకా అలలు ఆగుతాయేమో అడుగు," అంది ఆవిరక్క. "నా తమ్ముడుంటే ఈపాటికి నీకోసం దూకేవాడు. మేమూ లాగుతాం. గొలుసు అందుకే కట్టాం. నిజం చెప్పి చెయ్యి చాపు."

ఇంకో అల వచ్చింది. అతను నీళ్లు మింగి, దగ్గి, ఏడుస్తూ అరిచాడు. బాల్కనీల దాకా, గేటు దాకా వినపడేలా అరిచాడు.

"తాడు కోసింది నేనే. మూడొందలమంది కొత్త అతిథులు హోటల్లో దిగే రోజు ఎర్రజెండా ఉంటే ఎవరు దిగుతారు? పచ్చది కట్టమన్నాను. వాడు వినలేదు. కర్ర పైకెక్కి మళ్లీ కట్టబోయాడు. కొట్టమన్నాను. కింద పడ్డాడు. జెండాను పూల్ దగ్గరున్న మాసిన దుప్పట్ల ట్రాలీలో కుక్కాను. రంగు దిగుతుందని నాకు తెలీదు, నేనెప్పుడూ బట్టలుతకలేదు. వాణ్ణి పడవలో వేసి రాళ్ల అవతల పడేయించాను. చచ్చాడనుకున్నాం. చావలేదు. నీళ్లలోంచి ఈల ఊదుతూనే ఉన్నాడు, చాలాసేపు. లాండ్రీ దాకా వినపడుతుందని భయమేసింది. అందుకే పూల్ దగ్గర పాట గట్టిగా పెట్టమన్నాను. మీరంతా ఆ పాట విన్నారు. నేను ఈల విన్నాను."