ఎల్లాజీ పడవకి కుడి రెక్క

నేను ఒక మురుగు గొట్టాన్ని. ముక్కు మూసుకోకండి, నాలో మురుగు ఒక్క చుక్కైనా పారలేదు. తెల్లటి పొడిని కరగబోసి, సాగదీసి, చల్లార్చి నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీవాళ్లు ఒంటి మీద నల్లటి అచ్చు గుద్ది బయటికి తోలారు. భీమిలిలో కడుతున్న ఒక అపార్టుమెంటుకి వెళ్లి, అక్కడ ఎక్కువైపోయి ఇసక గుట్ట మీద పడి ఉన్నాను. పుట్టినప్పటి నుంచీ నాకొక బుద్ధి ఉంది. ఎవరినీ నమ్మను. బోలుగా పుట్టినవాళ్లకి అది తప్పదు, లోపల ఎవరు ఏం దూరుస్తారో తెలియదు కదా.

ప్లంబరు సోములు ఒకరోజు నన్ను భుజాన వేసుకుని తన బావ ఎల్లాజీ ఇంటికి తెచ్చాడు. ఊరికే తెచ్చాడట! ఊరికే ఏదైనా తెచ్చే మనిషిని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఎల్లాజీ జాలరి, తెప్ప మీద పెరిగినవాడు. చెవిలో జబ్బు చేసి తగ్గింది గాని, ఉన్నట్టుండి తల గిర్రున తిరగడం మాత్రం మిగిలిపోయింది. నడిసంద్రంలో నువ్వు పడితే ఎవడు దూకుతాడని మరపడవవాళ్లు దింపేశారు. తనతో పైపుల పనికి వచ్చెయ్యమని సోములు పోరు పెడుతున్నాడు. ఆ మాట వింటే ఎల్లాజీకి అన్నం సయించదు. మూతపడ్డ బోటింగు క్లబ్బువాళ్లు పారేస్తున్న నారింజ రంగు కయాక్ అనే తెడ్డు పడవని మోసుకొచ్చి, గోస్తని నది సముద్రంలో కలిసేచోట ఒక్కడే వేట చేసుకుంటానని కూర్చున్నాడు. ఆ కయాక్ ఏమో బహు సన్నం. వల లాగడానికి కాస్త పక్కకి ఒరిగితే చాలు, మనిషిని నీళ్లలో పారబోస్తుంది.

భార్య గురమ్మ ఒకటే మాట తేల్చేసింది. "ఆ డొప్ప తిరగబడకుండా సెయ్యి, అప్పుడెల్లు. నేకపోతే మా తమ్ముడితో పనికెల్లు."

అలా నా మెడకి చుట్టుకుంది ఈ వ్యవహారం. ఎల్లాజీ నన్ను రంపంతో రెండు ముక్కలు చేశాడు. కయాక్‌కి అడ్డంగా రెండు వెదురు బొంగులు వేసి, వాటి చివర్లకి అటొక ముక్క, ఇటొక ముక్క, పక్షికి రెక్కల్లా బిగించాలని వాడి ఆలోచన. నేను కుడి రెక్కని. ఎడమవాడు నా ఒంట్లోంచే వచ్చినవాడు. అయినా వాడి మీదా ఓ కన్ను వేసే ఉంచాను.

మా చివర్లకి మూతలు తేవడానికి సోములు బజారుకి వెళ్లిన పూట, ఎల్లాజీ డ్రిల్లు మిషను పట్టుకుని నాకు బెజ్జాలు పెట్టాడు! ఇటు నుంచి అటు దాకా బోల్టులు దిగేసి, బొంగుకి బిగించి, చుట్టూ బంకముద్ద మెత్తాడు. "ఉడుంపట్టు!" అని మురిసిపోయాడు. వాడి తప్పు కాదులెండి. తెప్ప దుంగకి మేకు కొడితే ఏమవుతుంది? దుంగకి లోపల కూడా దుంగే. నాకు లోపల గాలి తప్ప ఏముంది?

మధ్యాహ్నం వాడు కునుకు తీస్తుండగా గురమ్మ చేపల అమ్మకం నుంచి వచ్చింది. చంకలో గోనెసంచి. నా బోల్టు దగ్గర వేలు పెట్టి తడిమి చూసింది, మొగుడి వైపు చూసింది. తర్వాత సంచిలోంచి ఖాళీ నీళ్లసీసా ఒకటి తీసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా నొక్కింది. నొక్కి నా పొట్టలోకి తోసింది. అలా ఒకటా రెండా! విరిగిన తెడ్డు కర్రతో కుక్కి కుక్కి పెట్టింది. ఎడమవాడికీ అదే మర్యాద. ఓసి గడుసుదానా, నా కడుపులో చెత్త నింపి ముంచుతావా, మొగుణ్ని పైపుల పనికి తోలడానికా అనుకున్నాను.

సాయంత్రం సోములు వచ్చి నా లోపలికి తొంగి చూశాడు. "ఏటప్పా ఇది?" అనబోతే గురమ్మ పెదాల మీద వేలు పెట్టింది. వాడు గొట్టాలు అతికించే సొల్యూషన్ రాసి మూత బిగించేశాడు. ఇంకేం కావాలి? అక్కాతమ్ముళ్ల కుట్ర రుజువైపోయింది.

మర్నాడు పొద్దున్నే నీళ్లలో దింపారు. ఎల్లాజీ వల వేశాడు, ఒరిగాడు, లాగాడు. పడవ ఇసుమంత కూడా కదల్లేదు. ఒడ్డు వైపు తిరిగి ఒక కేక పెట్టాడు చూడండి, నాకే సంబరమేసింది. ఆ ఊపులో నది సముద్రంలో పడే మొగ దాకా వెళ్లాడు. అక్కడ కెరటాలు. అక్కడే వాడికి తల తిరిగింది.

కళ్లు గట్టిగా మూసుకుని, బొంగుని వాటేసుకుని, వాడి బరువంతా నా మీద పడేశాడు. బోల్టు దగ్గర బంకముద్ద పటుక్కున విడిపోయింది. నీళ్లు బుడబుడా లోపలికి వచ్చేశాయి. అయిపోయింది, వీడూ నేనూ అడుక్కే అనుకున్నాను. అప్పుడు నా కడుపులో సీసాలన్నీ ఒక్కసారి లేచి వీపుకి ఆనాయి. ఆని, పట్టుకున్నాయి. సగం మునిగాను, అంతే. ఆపైన కెరటం ఎంత తొక్కినా దిగలేదు. తల తిరుగుడు తగ్గాక ఎల్లాజీ మెల్లగా తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి వచ్చాడు.

నన్ను ఎత్తబోతే గుడగుడమన్నాను. సోములు మూత కోసేశాడు. నీళ్లతోపాటు సీసాలు ఇసకలోకి దొర్లాయి.

"ఇయ్యేటే?" అన్నాడు ఎల్లాజీ. "నాకు సెప్పకుండా దూర్సినావా? నా పని మీద నమ్మకం నేదా నీకు?"

"నేదు," అంది గురమ్మ తడుముకోకుండా. "నీ బోల్టు మీద నేదు, నీ బంక మీదా నేదు. సెప్తే పీకి పారేస్తావని సెప్పనేదు." మొగుడి చొక్కా పట్టి ఊపేసింది. "నువ్వు ఒడ్డెక్కీదాకా నా పేనం నా దగ్గర నేదు మావా."

ఎల్లాజీ ఇసకలో చతికిలబడి, సీసాలన్నీ ఏరి ఆమె ఒళ్లో వేశాడు. "కొత్త గొట్టంలో నువ్వే దూర్సు," అన్నాడు.

ఇప్పుడు నా చోట ఇంకో గొట్టం ఉంది. బెజ్జం లేకుండా తాడుతో కట్టారు. నేను పెరట్లో గోడవారగా పడి ఉన్నాను, గురమ్మ తెచ్చిన సీసాలు నాలోనే దాస్తుంది. ఈనాటికీ ప్రతి సీసా గాలి కారుతోందేమోనని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూసిగాని లోపల పెట్టదు. ఆమె కూడా నాలాగే, దేన్నీ నమ్మదు. కాకపోతే నా అనుమానం ఎవరినీ ఒడ్డుకి చేర్చలేదు.