లెక్కకు దొరికిన వీధి

పూర్వం ఒక రాజు తన జనాన్ని లెక్కపెట్టించాడని, అందుకు దేవుడు కోపించి దేశం మీదికి తెగులు పంపాడని చిన్నప్పుడు చర్చిలో విన్నాను. లెక్కపెడితే తప్పేమిటి? ఈ అనుమానం ఏళ్ల తరబడి నన్ను వదల్లేదు. ఫాదర్‌ని అడిగితే "ప్రార్థన చేసుకో ఒబ్దూలియా" అన్నారు. చేసుకుంటూనే ఉన్నాను.

ఇక్కడ మా సాంతా మార్తా ఊళ్లో మా వెనక వీధిని కిందటేడు మునిసిపాలిటీవాళ్లు లెక్కపెట్టారు. సాయంత్రాలు ఎందరు బయట కూర్చుంటారు, ఎందరు ఆగి మాట్లాడుకుంటారు అని. కళకళలాడే వీధి అని తేల్చి, రాళ్లు పరిచి, దీపాలు పెట్టారు. ఆ వెంటనే అద్దెలు పెరిగాయి. ఇప్పుడక్కడ నేలకు బిగించిన ఇనుప కుర్చీలున్నాయి. వాటిలో కూర్చునేవాళ్లెవరూ నాకు తెలియదు.

తరువాత మా వీధి వంతన్నారు. ఎదురింటి కందెలారియా అక్కది అద్దె ఇల్లు. వీధికి పేరొస్తే ఇల్లు అమ్మేస్తానని ఇంటాయన ముందే చెప్పేశాడు. అందుకే మంగలి ఎలియెసెర్ అందరినీ కూడగట్టాడు.

"రేపు సాయంత్రం ఎవరూ గడప దాటొద్దు. కుర్చీలు లోపలే. డామినో ఆట బిళ్లలు మంచం కిందే."

"ఉక్కకు చస్తాం గదరా!" అంది కందెలారియా అక్క.

"నీ ఇంటి కోసమేనమ్మా ఈ చావు!"

మర్నాడు సాయంత్రం లెక్కపెట్టే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న యంత్రం. తలుపులన్నీ మూసి ఉన్నాయి. వీధిలో కుక్క కూడా లేదు. నేను కిటికీ చువ్వల వెనక జపమాల తిప్పుతూ చూస్తున్నాను. ఆ పిల్ల ఎండలో గోడకు ఆనుకుని, కాసేపు ఒక కాలి మీద, కాసేపు ఇంకో కాలి మీద నిలబడింది. యంత్రం ఒక్కసారైనా నొక్కలేదు. గండం గడిచినట్టే అనుకున్నాను.

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా, ఎంతసేపని నిలబడతావు? కాళ్లు పడిపోవూ?" కందెలారియా అక్క బయటికొచ్చింది. "ఒసే ఒబ్దూలియా! కిటికీలోంచి చూస్తున్నావని నాకు తెలుసులే. మంచి కుర్చీ ఒకటి పట్రా, నావన్నీ విరిగినవే!"

మా ఇంట్లో ఉన్న మంచి కుర్చీ ఒక్కటే. నా భర్త పోయిన రాత్రి శవజాగారానికి అక్క దగ్గర్నుంచే తెచ్చి, తిరిగివ్వని ఊగుడు కుర్చీ. దాన్నే తెచ్చి వేశాను.

"అబ్బో, నా కుర్చీ ఇన్నాళ్లకు ఎండ చూసింది!"

ఎవరో లోపలినుంచి పకపకా నవ్వారు. ఆ నవ్వుతో ఒక తలుపు తెరుచుకుంది, దాని పక్కది తెరుచుకుంది. ఒకరు చల్లని చింతపండు షర్బత్తు తెచ్చారు, ఒకరు వేడి వేడి మొక్కజొన్న రొట్టెలు, అరేపాలు తెచ్చారు. "నాశనమైపోతాం, లోపలికి పదండి!" అని అరుస్తూనే ఎలియెసెర్ తన స్టూలు తెచ్చుకుని డామినోలు పరిచాడు.

"అక్కా, ఇల్లు..." అన్నాను మెల్లగా.

"తెలుసే. అట్లాగని పిల్లను నిలబెడతామా?"

ఆ అమ్మాయి ఊగుతూ యంత్రం నొక్కుతోంది. "ఎంత కళగా ఉందండీ మీ వీధి!" అంది. నిజంగానే సంతోషపడింది, పాపం. అంత సందడిలోనూ నాకు ఆ టిక్కు టిక్కు ఒక్కటే వినిపించింది.

వానలు మొదలయ్యేసరికి ఇంటాయన ఇల్లు అమ్మేశాడు, అక్క గోడ మీద కొన్నవాళ్ల ఎర్ర గీత పడింది. టేపు పట్టుకుని కొలిచినవాళ్లు ఎవరినీ పలకరించలేదు. ఆ తరువాత లారీ వచ్చింది. ఊగుడు కుర్చీ లెక్క జరిగిన సాయంత్రం కూడా అలవాటుకొద్దీ మా ఇంటికే చేరింది. దాన్ని మోసుకెళ్లి అక్క సామాన్ల మీద పెట్టి, తాడుతో గట్టిగా కట్టాను.